షెడ్డు నేల మీద ఏం పరవాలి?

పెరట్లోనో పొలం గట్టునో షెడ్డు వేసేటప్పుడు అందరి దృష్టీ గోడల మీద, రేకుల మీద ఉంటుంది. నేల దగ్గరికి వచ్చేసరికి మిగిలిన సిమెంటుతో, మిగిలిన డబ్బుతో పని కానిచ్చేస్తారు. ఏడాది తిరిగేసరికి నష్టం నేల వైపు నుంచే మొదలవుతుంది. యూరియా బస్తా అడుగు గడ్డకడుతుంది. దాచుకున్న విత్తనం సరిగ్గా మొలవదు. పార, కొడవలి తుప్పెక్కుతాయి. స్ప్రేయర్ పట్టీలకు బూజు పడుతుంది. అప్పుడు హార్డ్‌వేర్ షాపుకెళ్లి నేల మీద పరవడానికి ఏముందని అడుగుతారు. అక్కడ లేనిదంటూ ఉండదు. వినైల్ చుట్టలు, రబ్బరు మ్యాట్లు, ఫోమ్ పలకలు, ఎపాక్సీ పెయింటు డబ్బాలు, పార్కింగ్ టైల్స్, టార్పాలిన్ పట్టాలు, ప్లాస్టిక్ ప్యాలెట్లు వరసగా చూపిస్తారు.

వీటిలో ఏది మేలన్నది మాత్రం షాపులో తేలదు. షెడ్డు కింద ఏ మట్టి ఉంది, లోపలికి తేమ ఎటు నుంచి వస్తోంది, అందులో ఏం దాస్తారు అనే మూడు సంగతులు తెలిస్తేనే తేలుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన షెడ్లలో చాలావాటికి ముందు కావలసినవి రెండు: నేల అడుగున తేమను ఆపే ప్లాస్టిక్ పొర, నేల పైన సామాను ఎత్తి పెట్టే చెక్క. ఈ రెండూ ఉంటే పైన ఏది పరిచినా, అసలేమీ పరవకపోయినా గడుస్తుంది. ఇవి లేని చోట ఎంత ఖరీదైన పరుపు వేస్తే అంత డబ్బు నీళ్లపాలు.

తేమ వచ్చే దారులు

మొదటి దారి కింది నుంచి. మట్టిలోని నీరు, వత్తి నూనె పీల్చినట్టు, కాంక్రీటులోని కంటికి కనపడని సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. నున్నగా, గట్టిగా ఉన్న గచ్చుకు కూడా ఈ బాధ తప్పదు. పైకి వచ్చిన నీరు గాలికి ఆరిపోతుంది. దానితో పాటు వచ్చిన లవణాలు తెల్లటి పొడిగా మిగిలిపోతాయి. గోడ మొదట్లో, గచ్చు పగుళ్ల వెంట వేలితో రాస్తే ఆ పొడి అంటుకుంటుందంటే కింది నుంచి నెమ్ము ఎక్కుతోందన్నమాట.

రెండో దారి గాలి. వానాకాలపు తడి గాలి చల్లని గచ్చుకు తగిలితే నేల చెమరుస్తుంది. రేకుల షెడ్లలో ఇంకో చిక్కుంది. చలికాలం రాత్రి రేకు బయటి గాలికన్నా ఎక్కువగా చల్లబడుతుంది. లోపలి గాలిలోని తేమ రేకు అడుగున బొట్లు బొట్లుగా చేరి తెల్లవారుజామున కారుతుంది. చాలామంది దీన్ని చూసి రేకుకు చిల్లు పడిందనుకుంటారు. వాన లేని రోజుల్లో, పొద్దున పూట మాత్రమే కారుతోందంటే అది చిల్లు పని కాదు. అలాంటి షెడ్డుకు గోడ పైభాగాన గాలి ఆడేలా జాలీలు పెట్టాలి. నేల మీద ఏం పరిచినా ఆ నీరు ఆగదు.

ఏ దారిన వస్తోందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ కాగితం, కింద ఉన్నది కనిపించేంత పారదర్శకమైనది, తీసుకుని గచ్చు మీద పరిచి నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అతికించాలి. కనీసం 16 గంటలు కదపకూడదు. సాయంత్రం అతికించి మర్నాడు మధ్యాహ్నం చూస్తే సరిపోతుంది. కాగితం అడుగు వైపు నీటి బిందువులు పట్టినా, దాని కింద గచ్చు చుట్టుపక్కల కంటే నల్లగా కనిపించినా నెమ్ము కింది నుంచి వస్తోంది. బిందువులు కాగితం పైన ఉంటే అది గాలిలోని తేమ. కాంక్రీటు మీద రంగులు, పూతలు వేసే ముందు అమెరికాలో చేసే పరీక్షల్లో ఇదొకటి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మన షెడ్లోనూ చేసుకోవచ్చు. ఎండాకాలంలో చేస్తే లాభం లేదు. వానలు బాగా పడ్డాక, మట్టి నిండా నీళ్లున్నప్పుడు చేయాలి.

ఈ రెండు తేమలకు మందు ఒకటి కాదు. గాలిలోంచి వచ్చే చెమ్మకు చల్లని గచ్చును కప్పే రబ్బరు మ్యాట్టో చెక్క పలకో మేలు చేస్తుంది. కింది నుంచి ఎక్కే నెమ్ముకు అదే మ్యాట్టు కీడు చేస్తుంది. ఆరడానికి దారి లేక నీరు దాని అడుగునే నిలిచిపోతుంది, బూజు పడుతుంది, వాసన మొదలవుతుంది. పరుపు కొని విసిగిపోయినవాళ్ల కథలు చాలావరకు ఈ తేడా చూడకపోవడం వల్ల వచ్చినవే.

కింద ఉన్న మట్టి

కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. కాలవలకు నీళ్లు వదిలిన నెలల్లో ఇంకా పైకి వస్తుంది. అక్కడ షెడ్డు నేలను చుట్టుపక్కల నేల కంటే అడుగున్నర ఎత్తున లేపకుండా పరుపుల గురించి మాట్లాడటం వృథా. తుపాను వానకు ఒక పూట నీళ్లు నిలిచినా లోపలికి రాని ఎత్తు ఉండాలి. తోపుడు బండికో మోటారు సైకిలుకో గుమ్మం ముందు వాలుగా ఒక దిమ్మె కట్టుకుంటే సరిపోతుంది.

నల్లరేగడిది వేరే పేచీ. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా పోసిన గచ్చు రెండు మూడు కాలాలు తిరిగేసరికి పగులుతుంది. పగిలిన గచ్చు మీద టైల్స్ వేస్తే టైల్స్ పగులుతాయి, పెయింటు వేస్తే పెయింటు చీలుతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి మీద షెడ్డు వేసేవారు కనీసం అడుగు లోతున ఆ మట్టి తీసేసి మొరమో గ్రావెలో నింపాలి. పొరపొరగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. ఈ పని మేస్త్రీలకు తెలియక కాదు. చిన్న షెడ్డుకు ఇంత అవసరమా అని యజమానే వద్దంటాడు.

ఎర్ర చెల్కలు, రాయలసీమ గరప నేలలు ఈ రెండింటి కంటే నయం. నీరు నిలవదు, మట్టి ఉబ్బదు. అక్కడ తక్కువ ఖర్చు నేలతోనే పని గడుస్తుంది.

మట్టి నేల నుంచి టైల్స్ దాకా

ఎర్రమట్టి పోసి, కొట్టి, పేడతో అలికిన నేలను ఈ కాలంలో ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. అది న్యాయం కాదు. అలికిన నేల తేమను పట్టి ఉంచదు, పడిన పనిముట్టు అంచు విరగదు, చెడిన చోట పిడికెడు మట్టితో బాగవుతుంది. నాగలి, గడ్డపార, బుట్టలు పెట్టుకునే షెడ్డుకు, అదీ వాన తక్కువ ప్రాంతంలో, ఇది చాలు. అయితే రెండు పెద్ద లోపాలున్నాయి. పందికొక్కు ఒక్క రాత్రిలో తవ్వుకుని లోపలికి వచ్చేస్తుంది. ఒలికిన పురుగుమందు మట్టిలో ఇంకిపోతుంది, తుడిచి తీయడానికి వీలుండదు. ధాన్యం, మందులు పెట్టే చోట మట్టి నేల వద్దనడానికి ఈ రెండు కారణాలూ చాలు.

సిమెంటు నేల మనకు బాగా అలవాటైనది. మేస్త్రీలు ఐపీఎస్ అని పిలిచే నేల ఒకపాలు సిమెంటు, రెండుపాళ్లు ఇసుక, నాలుగుపాళ్లు చిన్న కంకరతో కలిపిన ఒకటిన్నర అంగుళాల కాంక్రీటు. అది గట్టిగా ఉండాలంటే మూడు సంగతులు చూడాలి. ఆరడుగులకు మించని గళ్లుగా విడదీసి పోయాలి. అలా చేస్తే పగుళ్లు గళ్ల అతుకుల దగ్గరే పడతాయి. పది అడుగులకు అంగుళం చొప్పున గుమ్మం వైపు వాటం ఇవ్వాలి. పోసిన మర్నాటి నుంచి కనీసం వారం రోజులు నీళ్లు నిలిపి తడపాలి. షెడ్డే కదా అని ఈ తడపడం దగ్గరే తేలిగ్గా తీసుకుంటారు. సరిగ్గా తడపని నేల ఎప్పటికీ పిండి రాలుస్తూనే ఉంటుంది. రోజూ ఊడ్చినా సన్నటి బూడిదరంగు దుమ్ము చీపురుకు వస్తూనే ఉంటుంది.

ఇక ఆ నేల అడుగున వేయాల్సిన ప్లాస్టిక్. మొరం మీద రెండంగుళాల ఇసుక పరిచి, కంకర మొనలు గుచ్చుకోకుండా చదును చేసి, దానిపైన 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరవాలి. షాపువాళ్ల లెక్కలో అది 1000 గేజి. అతుకుల దగ్గర అర అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేసి, గోడల వెంట నాలుగంగుళాలు పైకి మడవాలి. ఆ పైన కాంక్రీటు పోయాలి. పది అడుగుల చదరపు షెడ్డుకు దీని ఖర్చు ఒక సిమెంటు బస్తా ఖర్చుతో పోల్చదగినదే. తర్వాత ఎంత డబ్బు పోసినా ఇది చేసే పని మరొకటి చేయలేదు. కాంక్రీటు పోశాక ఆ షీటు మళ్లీ కింద దూర్చడం ఎవరి వల్లా కాదు. మన పల్లెల్లో కడుతున్న చిన్న షెడ్లలో ఈ పొర వేసేవి చాలా తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రాతి నేలలు మన అదృష్టం. తాండూరు బండలు, షాబాదు బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, కడప నల్లబండలు, పల్నాటి మాచర్ల రాయి దగ్గర దగ్గరగా దొరికే దేశం మనది. షెడ్డుకు పాలిష్ పట్టని రెండడుగుల బండలు పరిస్తే కాలు జారదు. రాయి గట్టిగా, సందులు లేకుండా ఉంటుంది కాబట్టి నెమ్ము అతుకుల దగ్గర మాత్రమే కనిపిస్తుంది. ఎక్కడైనా నేల కుంగితే ఆ ఒక్క బండ గునపంతో లేపి, కింద ఇసుక సర్ది, మళ్లీ వేసుకోవచ్చు. టైల్స్‌కూ కాంక్రీటుకూ లేని సుగుణం ఇది. ఒక్క శత్రువు మాత్రం ఉంది. ఇవన్నీ సున్నపురాయి జాతివి. ఆమ్లం పడితే నురగ వచ్చి రాయి పైపొరను తినేస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ, ట్రాక్టర్ బ్యాటరీ పెట్టే మూల ప్లాస్టిక్ ట్రే తప్పనిసరి. సిమెంటు నేలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

టైల్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇంట్లో మిగిలాయని షెడ్లో అతికిస్తారు. గోడకు ఆనించిన గడ్డపార జారి పడితే ఏమవుతుందో ఒకసారి ఊహించుకోండి. మొన తగిలిన చోట పింగాణీ పొర గవ్వంత ముక్కగా లేచిపోతుంది. దాని చుట్టూ సన్నటి గీతలు సాలెగూడులా పరుచుకుంటాయి. కొన్నాళ్లకు అక్కడ నీరు దిగి టైలు కదులుతుంది. మందం ఉన్న పార్కింగ్ టైల్స్ కొంత తట్టుకుంటాయి. 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు అంతకంటే మేలు. కానీ వాటిని ఇసుక మీద పరుస్తారు కాబట్టి సందుల్లోంచి తేమ, చీమలు రెండూ వస్తాయి. బస్తాలు పెట్టని చోటే వాటిని వాడాలి.

పూతలు, చుట్టలు, మ్యాట్లు

ఎపాక్సీ పెయింటు ఈ మధ్య పట్టణాల్లో బాగా కనిపిస్తోంది. మెకానిక్ షెడ్లకు, కార్ల షోరూములకు అది మంచి ఎంపిక. నూనె మరకలు తుడిస్తే పోతాయి, దుమ్ము లేవదు, ఆమ్లానికి రాయి కంటే బాగా ఆగుతుంది. కొత్త కాంక్రీటు మీద 28 రోజులు ఆగాకే వేయాలి. పైపొరను యంత్రంతో గరుకు చేయాలి. లేకపోతే పట్టు దొరకదు. అసలు షరతు ఏమిటంటే కింది నుంచి నెమ్ము ఉండకూడదు. ఉంటే ఆవిరి కింది నుంచి తోసి పూత బుడగలు లేస్తుంది, గోరుతో లాగితే రేకులుగా ఊడి వస్తుంది. ఎండ నేరుగా పడే చోట పచ్చబడుతుంది. ప్లాస్టిక్ కాగితం పరీక్షలో నేల పొడిగా తేలిన షెడ్డుకు, అక్కడ యంత్రాలు బాగుచేసే పనుంటే, ఎపాక్సీ నేను సిఫారసు చేస్తాను. పొలం షెడ్డుకు చేయను.

వినైల్ చుట్టలు చవక, వేయడం తేలిక. ఊపిరాడని పొర కాబట్టి నెమ్మున్న నేలకు పనికిరావు. ఇంకొక సంగతి: వినైల్ మీద రబ్బరు మ్యాట్టు ఎక్కువ రోజులు పెడితే రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి గోధుమరంగు మరక పడుతుంది. అది ఎంత కడిగినా పోదు.

టార్పాలిన్ పట్టాలు మన రైతు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. మిర్చి ఆరబెట్టాక, వడ్లు ఎత్తాక అవే షెడ్లో పరిచి మీద బస్తాలు పేరుస్తారు. తాత్కాలికంగా తప్పు లేదు. పాలిథిన్ కింది తేమను బస్తా దాకా రానివ్వదు కూడా. కానీ పక్క నుంచి నీరొస్తే పట్టా మీదే నిలుస్తుంది, బస్తాల ఒరిపిడికి చిల్లులు పడతాయి, కింద ఎలుకలు ఏం చేస్తున్నాయో కనపడదు. పట్టా వేసినా దాని మీద చెక్క వేసి, ఆ పైన బస్తాలు పెట్టడం సరైన పద్ధతి.

రబ్బరు మ్యాట్లలో పాడి పశువుల కొట్టాల కోసం తయారయ్యేవి షెడ్లకు బాగా పనికొస్తాయి. అర అంగుళం దాటిన మందం, అడుగున నీరు పారే గాడులు, బరువుకు కదలని గుణం వాటికుంటాయి. నిలబడి పనిచేసే బల్ల దగ్గర, మోటారు విప్పి కింద పెట్టే చోట ఒక మ్యాట్టు వేసుకుంటే కాళ్లకూ సామానుకూ రక్షణ. షెడ్డంతా పరవడం మాత్రం వద్దు. పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్ పడితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చమురు పని ఉన్న చోట నైట్రైల్ రబ్బరు అడిగి తెచ్చుకోవాలి, లేదా కింద రేకు ట్రే పెట్టాలి. ఒకదానికొకటి తగిలించే ఫోమ్ పలకలు పిల్లల గదికి బాగుంటాయి. పాదం మెత్తగా దిగే ఆ ఫోమ్‌లోకి పలుగు మొన ఇంకా సులువుగా దిగుతుంది.

పరుపు ఏదైనా సరే, నెలకోసారి ఎత్తి చూడాలి. ఇది శుభ్రత కోసం చెబుతున్న మాట కాదు. చీకటి, చల్లదనం ఉన్న చోటికి తేళ్లు, జెర్రులు, పాము పిల్లలు వస్తాయి. మ్యాట్టు ఎత్తేటప్పుడు చేతితో కాకుండా కర్రతో అంచు లేపాలి. అతికించి, ఎత్తడానికి వీల్లేకుండా చేసే పరుపుల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక కారణం.

ఎత్తి పెట్టడమే అసలు రక్షణ

పాత ఇళ్లలో ధాన్యం గాదెను చాలాచోట్ల నేరుగా నేల మీద నిలిపేవారు కాదు. కింద రాళ్లు పేర్చి, వాటి మీద దూలాలు వేసి, ఆ పైన గాదె పెట్టేవారు. గాలి కింద నుంచి ఆడేది, ఎలుక దూరితే కనిపించేది. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ ఆరుబయట ధాన్యం నిల్వ చేసే పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడిచింది. ఎత్తైన అరుగు కట్టి, దాని మీద చెక్క చట్రాలు పరిచి, బస్తాలు పేర్చి, పైన పాలిథిన్ కప్పడం ఆ పద్ధతి. లక్షల బస్తాలను కాపాడిన ఉపాయం మన పది బస్తాలకు సరిపోదా!

సిమెంటు నిల్వకు భారతీయ ప్రమాణాలు చెప్పేదీ ఇదే. బస్తాలను నేల నుంచి 150 నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తున చెక్క పలకల మీద, గోడకు ఎడంగా పెట్టాలి, 10 వరసలకు మించి పేర్చకూడదు. యూరియా సంగతి చూడండి. 30 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 72-75 శాతం దాటితే యూరియా ఆ తేమను పీల్చుకోవడం మొదలుపెడుతుంది. కోస్తాలో వానాకాలంలో చాలా రోజులు గాలిలో తేమ ఆ స్థాయికి పైనే ఉంటుంది. ఒక 45 కిలోల బస్తాను గచ్చు మీద నేరుగా పెట్టి నెల తర్వాత వంచి చూస్తే అడుగున ఇటుకంత గడ్డ చేతికి తగులుతుంది. దాన్ని చితక్కొట్టి చల్లితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. పైరు ఒకచోట ముదురాకుపచ్చగా, ఒకచోట పాలిపోయి కనిపించడం వెనక ఒక్కోసారి షెడ్డు నేల ఉంటుంది. వేరుశనగ కాయల్లో తేమ 9 శాతం లోపు ఉంచాలంటారు. తడి నేల మీద పెట్టిన బస్తా అడుగు కాయలు ఆ హద్దు దాటి బూజు పడతాయి. అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టేది ఆ బూజు నుంచే. ఇది అమ్మకం ధరతో ముగిసే నష్టం కాదు. తినే మనుషులకూ, దాణా తినే పశువులకూ హాని.

చెక్క ఏది వాడాలి? పరిశ్రమల నుంచి వచ్చే పాత ప్యాలెట్లు చవకగా దొరుకుతాయి. విదేశాల నుంచి వచ్చిన ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. దాని పక్కన హెచ్‌టీ అని ఉంటే చెక్కను వేడితో శుద్ధి చేశారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారు. తినే గింజల కింద హెచ్‌టీ ముద్ర ఉన్నవే వాడండి. ప్యాలెట్లు దొరక్కపోతే చేవ పట్టిన తాటి దూలాలు నాలుగు ఇటుకల మీద పరిచి, మీద వెదురు తడికె వేసినా పని జరుగుతుంది. చెక్కకు చెదల భయం ఉంటుంది. కాబట్టి కాళ్లు మట్టికి తగలకుండా రాయి మీదో గచ్చు మీదో ఆనాలి, గోడకు అడుగు దూరం ఉండాలి. షెడ్డు కట్టేటప్పుడే చదును చేసిన మట్టికి చెదల మందు పట్టిస్తే మరీ మంచిది. చదరపు మీటరుకు 5 లీటర్ల మందు ద్రావణం చొప్పున పోయాలని ప్రమాణం. ప్లాస్టిక్ ప్యాలెట్లకు చెద బాధ లేదు, కడుక్కోవచ్చు. ధర భరించగలిగితే అవే ఉత్తమం. వాడేసిన ఇంజిన్ ఆయిల్ చెక్కకు పూసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. దాణా, విత్తనం పెట్టే చెక్కకు అది పూయకండి.

పురుగుమందులకు వేరే మూల, వీలైతే వేరే గది కావాలి. అమ్మకందారులు పురుగుమందులను ఇతర వస్తువులతో కలపకుండా పొడిగా, గాలి వచ్చే గదిలో ఉంచాలని 1971 పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. రైతు ఇంటికీ ఆ సూత్రమే వర్తిస్తుంది. అక్కడి నేల మాత్రం తప్పకుండా నీరింకని సిమెంటు నేల అయి ఉండాలి. సీసా ఒలికితే నీళ్లు పోసి కడగకూడదు. ముందు ఇసుకో రంపపు పొట్టో చల్లి పీల్పించి, ఎత్తి, ఆ తర్వాత తుడవాలి. చిన్న బకెట్ నిండా పొడి ఇసుక ఆ మూలే ఉంచుకోవడం మంచిది.

అమెరికా, ఇంగ్లండ్ పెరళ్లలో

గోంగూర, బెండ, దోస పండించుకునే తెలుగువాళ్ల పెరళ్లలో చెక్క షెడ్లు ఇప్పుడు మామూలైపోయాయి. అక్కడి సమస్య వేరు. నేల గచ్చు కాదు, కంకర పరుపు మీద నిలిపిన శుద్ధి చేసిన దుంగలు, వాటి మీద అడ్డపట్టీలు, ఆ పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్. ఆ చెక్క రెండు వైపుల నుంచీ ఆరాలి. పైన వినైల్ జిగురుతో అతికిస్తే, గడ్డి కోసే యంత్రం చక్రాలకు అంటిన తడి, మంచు తీసే యంత్రం నుంచి కరిగిన నీరు అంచుల్లోంచి దిగి లోపలే ఉండిపోతాయి. రెండు మూడు చలికాలాల్లో ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. చెక్క పెచ్చులు నొక్కి చేసిన ఓఎస్‌బీ పలక అయితే అంచులు ఇంకా ముందే ఉబ్బుతాయి.

అక్కడి షెడ్లకు నా సలహా తేలికైనది. షెడ్డు కింద గాలి ఆడేలా ఖాళీ ఉంచండి. ప్లైవుడ్ పైభాగానికి, ముఖ్యంగా కోసిన అంచులకు, నేలకు వేసే ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయండి. యంత్రం నిలిపే చోట మాత్రం గుర్రాల కొట్టాలకు అమ్మే రబ్బరు మ్యాట్టు అతికించకుండా వదులుగా వేయండి. అవి సాధారణంగా 4 అడుగులకు 6 అడుగులు, ముప్పావు అంగుళం మందం ఉంటాయి, ఒక్కొక్కటి దాదాపు 45 కిలోలు తూగుతుంది. ఒక్కరే ఎత్తబోకండి.

పాత ఇల్లు కొన్నవారికి ఒక హెచ్చరిక. అమెరికాలో 2003 చివరి దాకా ఇళ్ల దగ్గర వాడే చెక్కను ఆర్సెనిక్, క్రోమియం, రాగి కలిపిన మందుతో శుద్ధి చేసేవారు. అప్పటి షెడ్డు దుంగల్ని రంపంతో కోసినా, ఇసుక కాగితంతో రుద్దినా ఆ పొడి పీల్చకండి. ఆ ముక్కల్ని కాల్చకండి. కొత్త షెడ్డు వేసేవారు స్థానిక నిబంధన ముందు కనుక్కోవాలి. చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా నియమావళి 200 చదరపు అడుగుల లోపు ఒకంతస్తు షెడ్లకు అనుమతి అక్కర్లేదంటుంది. కానీ ఊరిని బట్టి ఆ హద్దు మారుతుంది. ఇంగ్లండులో నిద్రకు వాడని 15 చదరపు మీటర్ల లోపు షెడ్లకు కట్టడ నిబంధనలు సాధారణంగా వర్తించవు.

ఇప్పటికే ఉన్న షెడ్డు, కొత్తది

షెడ్డు ఇప్పటికే కట్టి ఉండి, నేల కింద ప్లాస్టిక్ లేకపోతే పరుపుల కోసం డబ్బు తగలేయకండి. బయట గోడ చుట్టూ నీరు దూరంగా పారేలా వాటం సరిచేసుకోండి. పైకప్పు నీళ్లు గోడ మొదట్లో పడుతుంటే వాటికి గొట్టం పెట్టండి. నెమ్ములో చాలా భాగం ఈ పనితోనే తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో ప్యాలెట్లు కొనండి. పని బల్ల దగ్గర ఒక మ్యాట్టు, బ్యాటరీ కింద ఒక ట్రే, మందుల మూల ఒక ఇసుక బకెట్. ఇంతకుమించి అవసరం లేదు. మరీ నెమ్ము ఎక్కువైతే పాత గచ్చు మీదే పాలిథిన్ పరిచి, పైన మరో రెండు మూడంగుళాల కాంక్రీటు వేయించుకోవచ్చు. గుమ్మం ఎత్తు సరిపోతుందో లేదో ముందు కొలుచుకోండి.

కొత్తగా కట్టేవారికి నా ఎంపిక స్పష్టం. రాయి దగ్గర్లో దొరికే జిల్లాల్లో పాలిథిన్ మీద పలుచటి కాంక్రీటు, దాని మీద పాలిష్ లేని నాపబండలు. రాయి దూరమైన చోట పాలిథిన్ మీద బాగా తడిపిన సిమెంటు నేల. పునాది తవ్వే రోజునే మేస్త్రీని అడగండి, నేల కింద షీటు వేస్తావా అని. ఇంత చిన్న షెడ్డుకు అదెందుకు బాబూ అంటే వాదన పెట్టుకోకండి. కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే 1000 గేజి షీటు మీరే కొని తెచ్చి, దగ్గర నిలబడి పరిపించండి.